పైనున్న కార్డు

విండ్సర్,
10 నవంబరు 2025

తమ్ముడు జయపాల్‌కి,

నువ్వూ మరదలు విద్యా బాగున్నారని తలుస్తాను. దేవుని దయవల్ల ఇక్కడ అందరం లేస్తున్నాం, తింటున్నాం, పడుకుంటున్నాం. ఆదివారం ఫోన్లో చెప్పలేనిది రాస్తున్నాను. అమ్మ కుర్చీకీ నా ఫోనుకీ మధ్య మూడడుగులే దూరం. హాస్టల్లో ఉన్నప్పుడు వారానికో ఉత్తరం రాయించి ఈ అలవాటు చేసిందీ అమ్మే కదా.

మొన్న గురువారం పొద్దున సంగతి. విశేషమేమీ లేదు, రోజూ జరిగేదే. అయిదున్నరకి అమ్మ లేచింది. వేణ్ణీళ్ళ కుళాయి కింద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు నిలబడింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసినప్పటి అలవాటు. చల్లటి చేత్తో రోగిని ముట్టుకోకూడదనేది. ఇప్పుడు రోగులెవరూ లేరు గనక ఆ వెచ్చటి చేతులు తెచ్చి నా చెంపలమీద పెడుతుంది. తర్వాత స్వెటర్‌కి వాచీ తలకిందులుగా పిన్ను పెట్టుకుంది. మోకరించే ఓపిక లేదు కాబట్టి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. అరవైరెండు పేర్లు. కాగితం చూడదు. నీ పేరు దగ్గర నీ షిఫ్టు వేళలు కూడా దేవుడికి అప్పజెబుతుంది, ఆయనకి తెలియదన్నట్టు.

చివర్లో బైబిల్లోంచి ఆ వాగ్దాన కార్డు తీసింది. 2011 జనవరి ఒకటిన ఆరాధనలో, ఆ ఏటికి దేవుడి మాటగా పళ్ళెంలోంచి తీసుకున్నది. ఆయుష్షు పదిహేనేళ్ళు పెంచుతానన్న వాక్యం. వారం తర్వాత రొమ్ము ఆపరేషన్‌కి దాన్ని చేత్తో పట్టుకునే వెళ్ళింది కదా. రోజూ ఒకసారి చూసుకుంటుంది. ఆ కార్డు బయటికి వచ్చే వేళకి నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

మజ్జిగ కలిపిన ఓట్స్ తాగి, చీరకింద మంచు బూట్లు వేసుకుని, వీధి చివర పోస్టు పెట్టెల దాకా వెళ్ళింది. తాళంచెవి తనదే. ఎవర్నీ ముట్టనివ్వదు. కిటికీలోంచి చూశాను. వంద అడుగుల దూరానికి నాలుగుసార్లు ఆగింది. తిరిగొచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి.

గుండెలో వాల్వు మార్చకపోతే ఏడాది గడవడం కష్టమన్నాడు డాక్టరు. రెండు గంటల దూరంలోని పెద్దాసుపత్రి వాళ్ళు జనవరి పన్నెండు ఇచ్చారు. డిసెంబరు ఎనిమిదిలోగా సరేననాలి, లేకపోతే ఆ తేదీ ఇంకొకరికి వెళ్ళిపోతుంది. "ఒప్పుకో అమ్మా" అన్నాను. అమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ, "జనవరి నాటికి నాకది అక్కర్లేదులే కమలా" అంది. నవ్వింది కూడా.

నా ఒళ్ళు జలదరించింది. స్వస్థత మీద అంత నమ్మకం! ఆదివారం సంఘంలో చెబితే అందరూ లేచి నిలబడి స్తోత్రం చేశారు. ఆ నమ్మకంలో రవ్వంత నాకుంటే చాలు. ఆ నమ్మకానికి అడ్డుపడొచ్చా, పడకూడదా? అది తెలియకే నీకు రాస్తున్నాను.

ఇంకోటి. చీరలన్నీ తీసి మడతలు మార్చి, ఒక్కోదానికీ ఒక పేరు చీటీ పిన్ను పెడుతోంది. ఆకుపచ్చ వెంకటగిరి విద్యకట. అల్మారా సర్దుకుంటోంది, మంచిదే.

అందరికీ అన్నం పెట్టే వేళయింది, ఉంటాను.
అక్క, కమలకుమారి


వాన్,
15 నవంబరు

అక్కా,

ఉత్తరం లంచ్ బ్రేక్‌లో చదివా. మళ్ళీ చదివా. లంచ్ తినలేదు.

నీకు ఒళ్ళు జలదరించిందా? మా వేర్‌హౌస్‌లో కన్వేయర్ బెల్టు తెగితే చుట్టూ నిలబడి స్తోత్రం చేస్తామా? బెల్టు మారుస్తాం. వాల్వు పోతే వాల్వు మారుస్తారు. పెదాలు నీలంగా ఉన్నాయని నువ్వే రాసి, కింద పేరాలో సంఘం స్తోత్రాలు రాస్తావేంటి! ఇంటికి పెద్దదానివి, గట్టిగా ఒక్క మాట చెప్పలేవా? నువ్వు చెబితే అమ్మ వింటుంది. చిన్నప్పుడు ఆముదం తాగమని నువ్వు చెబితే నేనే విన్నా.

అమ్మ ధైర్యం నాకు తెలీదా? వార్డులో ఎంతమంది కళ్ళు మూసిందో లెక్కలేదు. అమ్మకి చావంటే భయం లేదు. నాకున్న భయమల్లా అదే.

ఆ కార్డు మాట నా దగ్గర ఎత్తకు. నాన్నకి 2010లో ఏ కార్డు వచ్చిందో గుర్తుందా? ఏ అపాయమూ నీ దరికి రాదని. అక్టోబరులో పోయాడు. మూడు నెలలు తిరక్కుండా అదే పళ్ళెంలో అమ్మకి పదిహేనేళ్ళు. ఒకరికి అబద్ధం, ఒకరికి నిజమా? నేను చర్చికి రావడం మానేసింది ఆ రోజే. నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా.

స్నేహకి డ్రైవింగ్ టెస్ట్ పాసైనందుకు కంగ్రాట్స్ చెప్పు. మేనమామలాగా బ్రేక్ తొక్కొద్దని కూడా చెప్పు.

కోపంగానే ఉన్నా,
జయ


విండ్సర్,
20 నవంబరు

జయా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. వెంటనే రాస్తే మాట జారేదాన్ని.

అమ్మకి గట్టిగానే చెప్పాను. మీ బావ చెప్పారు. స్నేహ ఇంగ్లీషులో బతిమాలింది. అమ్మ అందరికీ ఒకటే చెబుతోంది, జనవరికి అక్కర్లేదని.

ఇక్కడ యూనివర్సిటీలో సాత్విక అని ఒక పిల్ల చదువుతోంది. హైదరాబాదు. మన సంఘం కాదు, మన మతమూ కాదు. ఇండియాలో వాళ్ళ అమ్మమ్మ పోయింది. వెళ్ళలేకపోయింది. స్నేహ వెంట మనింటికి వచ్చింది. ఓదార్పు మాటలు నా నోటి దాకా వచ్చాయి. అమ్మ నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. వెళ్ళి చేతులు వెచ్చబెట్టుకొచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది. గంటసేపు ఒక్క మాట లేదు. ఆ పిల్ల లేచి, "అమ్మమ్మా, ఆకలేస్తోంది" అంది. అమ్మే అన్నంలో పప్పు కలిపి పెట్టింది. ఆయాసంతో గరిటె కూడా ఎత్తలేని మనిషి. ఇరవై ఏళ్ళుగా సండే స్కూలు చెబుతున్నాను, నాకు ఆ విద్య రాలేదు.

గట్టిగా చెప్పమన్నావు కదా, నువ్వే వచ్చి చెప్పు. నాలుగు గంటల దారి. నాన్న ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ నువ్వు గదిలోకి రాలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. కన్నవాళ్ళ మంచం పక్కన నిలబడనివాడు కన్వేయర్ బెల్టుల గురించి చెబితే వినడం కష్టంగా ఉంది.

ఇంతకంటే రాయకూడదు. రాసింది కొట్టెయ్యను కూడా.

అక్క


వాన్,
24 నవంబరు

అక్కా,

కొట్టెయ్యకపోవడమే మంచిదైంది.

ఆ పదకొండు రోజులూ నేను ఆసుపత్రిలోనే ఉన్నా. పార్కింగ్ లాట్‌లో. కారులో కూర్చుని నాలుగో అంతస్తులో నాన్న కిటికీ చూస్తూ. రోజూ ఇవాళ వెళ్తా అనుకునేవాణ్ణి. డోర్ తీసి కాలు కింద పెట్టేవాణ్ణి, మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. పన్నెండో రోజు పొద్దున ఆ కిటికీలో నువ్వు కనపడి కర్టెన్ వేశావు. అంతే, అర్థమైంది. అందరూ నేను పనిలో ఉన్నాననుకున్నారు, అనుకోనిచ్చా. విద్యకి కూడా తెలీదు.

సాత్విక సంగతి చదివాక ఒకటి గుర్తొచ్చింది. నాకు ఏడెనిమిదేళ్ళు. బడి అయ్యాక మిషన్ ఆసుపత్రి వరండాలో అమ్మ డ్యూటీ అయ్యేదాకా కూర్చునేవాణ్ణి. లోపల ఒక రైతు. పొట్ట ఉబ్బిపోయి ఉన్నాడు. చుట్టాలంతా ఆయన చుట్టూ చేరి "ఏం భయం లేదు, నీకేం కాదు" అంటున్నారు. అమ్మ వాళ్ళని బయటికి పంపి మంచం మీద కూర్చుంది. నాకు కిటికీలోంచి వినపడింది.

"భయంగా ఉందా అన్నా?"

"ఉందమ్మా."

"సరే. నేనిక్కడే కూర్చుంటా."

అంతే. ఆయన పడుకున్నాడు. అమ్మకి డ్యూటీ అయిపోయింది, చీకటి పడింది, లేవలేదు. నాకు ఆకలేస్తోందని ఏడిస్తే చెయ్యి ఊపింది, అలాగే ఉండమని. భయపడొద్దని అమ్మ ఎవరికైనా చెప్పగా నేను వినలేదక్కా. భయంగా ఉందా అని అడిగేది.

ఆ మాట అమ్మని ఎవరన్నా అడిగారా?

జయ


విండ్సర్,
29 నవంబరు

తమ్ముడూ,

ఎవరూ అడగలేదు. నీ ఉత్తరం చూసేదాకా నాకు ఆ సంగతి కూడా తట్టలేదు. వచ్చిన ప్రతివాళ్ళూ, "మీకేంటమ్మా, విశ్వాసంలో కొండలాంటివాళ్ళు" అంటారు. కొండని ఎవరు అడుగుతారు?

పార్కింగ్ లాట్ సంగతి చదివి, నేను అన్న మాటకి సిగ్గుపడ్డాను. క్షమించు.

నిన్న పొద్దున అమ్మ ప్రార్థన అయ్యాక కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. చేతులు వెచ్చబెట్టుకునే వచ్చాను. "భయంగా ఉందా అమ్మా?" అన్నాను.

బైబిలు మూసి నాకేసి చూసింది. చిన్నపిల్లలా "ఉందే" అంది. "చాలా ఉంది. ఎవరితో చెప్పను?"

మెల్లగా చెప్పుకొచ్చింది. దేవుడు పదిహేనేళ్ళు ఇచ్చాడు. డిసెంబరు ముప్ఫై ఒకటితో అయిపోతాయి. కార్డు రోజూ తీసి చూసుకుంటోంది అందుకు. జనవరికి ఆపరేషన్ అక్కర్లేదంది అందుకు. స్వస్థత కాదు జయా, అప్పటికి తను ఉండదని. ఇంకా కావాలని అడిగితే ఇచ్చినవాణ్ణి నమ్మనట్టు అవుతుందని అడగడంలేదు. చీరల చీటీలూ అందుకే. నేను అల్మారా సర్దడం అనుకున్నాను. సంఘమంతా లేచి స్తోత్రం చేసింది దీనికి.

"అంతమంది పక్కన కూర్చున్నాను కమలా, నా వంతు వచ్చేసరికి కాళ్ళు చల్లబడుతున్నాయి. నమ్మకం లేకపోవడమేగా ఇది?" అంది.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఉంది. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనిది.

2011లో ఇండియా నుంచి రావాల్సిన వాగ్దాన కార్డులు రాలేదు. నలభై అట్టముక్కలు కత్తిరించి, ఒక్కోదానిమీద ఒక్కో వాక్యం నేనే రాశాను. బోర్లా పెడతాం, ఎవరి చేతికి వచ్చింది వాళ్ళకి ఆ ఏటి దేవుడి మాట. ఆ పదిహేనేళ్ళ వాక్యం కార్డులమీద రాసేది కాదు. జబ్బుపడిన ఒక రాజుకి, ఆ ఒక్కడికే చెప్పిన మాట. నేను రాశాను. పళ్ళెంలో అన్నిటికంటే పైన పెట్టాను. పళ్ళెం పట్టుకున్నదీ నేనే. తిన్నగా అమ్మ దగ్గరికే వెళ్ళాను. అమ్మ ఎప్పుడూ పైదే తీస్తుంది, నీకు తెలుసు. ఏరుకోవడం నమ్మకం లేనివాళ్ళ పని అంటుంది. ఆ నమ్మకాన్నే నేను వాడుకున్నాను.

వారంలో ఆపరేషన్ ఉంది, ధైర్యంగా వెళ్ళాలని చేశాను. వెళ్ళింది, బతికింది. తర్వాత చెప్పడానికి సమయం దొరకలేదు. దొరకనివ్వలేదు.

ఇప్పుడు చెబితే ఆ కార్డుతోపాటు ఇంకేం కూలుతుందో తెలియదు. చెప్పకపోతే డిసెంబరు ఎనిమిది దాటిపోతుంది. ప్రార్థనకి కూర్చుంటే మాటలు రావడంలేదు. ఇలా ఎప్పుడూ లేదు.

నీ అక్క


వాన్,
3 డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం ఫోర్క్‌లిఫ్ట్ పక్కన నిలబడి చదువుతూ గట్టిగా నవ్వేశా. కొత్తగా చేరిన సాయిచరణ్ "ఏమైందన్నా, లాటరీయా?" అన్నాడు. "మా అక్క దొంగతనం చేసింది" అన్నా. నమ్మలేదు. నీ ఫొటో చూపిస్తే అసలు నమ్మడు.

నవ్వాక కూర్చోవాల్సొచ్చింది. పదిహేనేళ్ళుగా నేను దేవుడితో తగువు పడుతున్నాననుకున్నా. నాన్నకి అబద్ధం చెప్పి అమ్మకి నిజం చెప్పాడని. తగువు పడాల్సింది నీతోనన్నమాట! పాపం ఆయన అన్నాళ్ళూ ఏమీ అనకుండా విన్నాడు.

చెప్పెయ్యి అక్కా. ఆగకు. కూలుతుందేమో అంటున్నావు. అమ్మ ఆ రైతు పక్కన కూర్చున్నప్పుడు ఏ కార్డు ఉంది చేతిలో? మిషన్ ఆసుపత్రిలో ముప్ఫైనాలుగేళ్ళు ఏ కార్డు పట్టుకుని చేసింది? అమ్మ నమ్మకం అట్టముక్క మీద నిలబడలేదు. నమ్మనివాణ్ణి, నాకే తెలుసు. నీకు తెలీదా?

నీకింకోటి చెప్పాలి. నిన్ను చూస్తే నాకెప్పుడూ చర్చిలో స్తంభం గుర్తొచ్చేది. ఆనుకోవచ్చు గానీ మాట్లాడలేం. భయమేసి అమ్మ కోసం పళ్ళెంలో మోసం చేసిన మనిషి నాకు ఎక్కువ నచ్చింది.

శనివారం రావాలనుకున్నా. షిఫ్టు మార్చుకోవడం కుదర్లేదు, హైవే మీద మంచు తుఫానంటున్నారు. ఇది సాకు కాదు. సగం సాకు.

జయ


విండ్సర్,
7 డిసెంబరు, ఆదివారం

జయా,

నీ ఉత్తరం శుక్రవారం అమ్మే పోస్టు పెట్టెలోంచి తెచ్చి ఇచ్చింది. "నెలలోపల మూడు. కాలేజీలో ఉన్నప్పుడు వీడు నాకు ఏడాదికి ఇన్ని రాయలేదు. నా గురించేగా?" అంది. అవునన్నాను. అక్కడే నిలబడి చదివి, అక్కడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని.

అమ్మ బూట్లు విప్పుకుని తన గదిలోకి వెళ్ళింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అన్నం స్నేహ పెడితే తింది.

శనివారం మధ్యాహ్నం నేను బీన్స్ తుంచుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. కార్డు చేతిలో ఉంది.

"వాక్యంతో ఆటలాడావు."

"అవునమ్మా."

"పదిహేనేళ్ళు నాచేత జనం ముందు సాక్ష్యం చెప్పించావు."

"అవునమ్మా."

"ఎందుకు చేశావే?"

"భయమేసింది."

"నాకేమవుతుందోనని?"

"నాన్న పోయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. నువ్వూ పోతే నేనేమవుతానోనని."

అమ్మ నాలుగు బీన్స్ తుంచింది. తర్వాత అంది, "ఆ మాట నాతో చెప్పొచ్చుగా. పక్కన కూర్చునేదాన్నిగా."

అప్పుడు ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అమ్మ లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, వేణ్ణీళ్ళు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడి, వచ్చి పక్కన కూర్చుంది. సాత్విక దగ్గర కూర్చున్నట్టే.

చాలాసేపయ్యాక నవ్వు వినపడి తలెత్తాను. కార్డు చూసుకుంటూ తనలో తనే నవ్వుతోంది. "అయితే ఆయన నాకసలు మాటే ఇవ్వలేదన్నమాట. మాటిచ్చినవాడు నిలబెట్టుకుంటే అందులో వింతేముంది? మాటివ్వకుండానే పదిహేనేళ్ళు ఇచ్చాడు చూడు!" అంది. నువ్వు చెప్పిందే నిజం జయా. నేను భయపడింది అట్టముక్క కూలుతుందని. అమ్మ దానిమీద ఎప్పుడూ నిలబడలేదు.

"ఇప్పుడు భయం పోయిందా?" అన్నాను.

"పోలేదు, ఉంది. తేదీ పోయింది" అంది.

కానీ ఊరికే వదల్లేదు. ఇవాళ సంఘంలో నిలబడి చెప్పమంది. చెప్పాను. వెనక వరుసలోంచి సత్యానందం అంకుల్ లేచి, "అయితే అమ్మా, నాకు ఏటా సహనం గురించే కార్డు రావడం కూడా నీ పనేనా?" అన్నారు. "కాదండీ" అన్నాను. "మరి ఆయనకి నిజంగానే అవసరమన్నమాట" అంది పక్కనే ఉన్న వాళ్ళావిడ. అందరూ నవ్వారు. నవ్వాక అమ్మ లేచి, కుర్చీ పట్టుకుని, "నాకు చావంటే భయంగా ఉంది. మీరు స్తోత్రం చెయ్యకండి. వచ్చి కాసేపు కూర్చోండి" అంది. ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. వరసగా వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో ముగ్గురు తమకీ భయంగా ఉందని అమ్మతో చెప్పారట. ఎవరో అమ్మ చెప్పలేదు.

సాయంత్రం మీ బావ, నేను, స్నేహ, అమ్మ కూర్చుని తేల్చినవి రాస్తున్నాను.

జనవరి పన్నెండుకి వెళ్దామని అమ్మే అంది. ఆసుపత్రికి రేపు పొద్దున మొదటి ఫోను మీ బావది.

చీరల చీటీలు తియ్యనంది. "ఎప్పటికైనా పనికొస్తాయి" అంది. ఆకుపచ్చది మాత్రం విద్యకి ఇప్పుడే పంపమంది, కట్టుకుంటే చూడాలని.

కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్ళెం స్నేహ పట్టుకుంటుంది. నేను నాలుగో వరుసలో కూర్చోవాలి. అమ్మ ఈసారీ పైదే తీస్తుందట. మానుకోమంటే, "నువ్వు మోసం చేశావని నేను నమ్మడం మానాలా?" అంది.

ఆపరేషన్ రోజు గది తలుపు దాకా అమ్మ పక్కన ఎవరుండాలన్న దగ్గర మీ బావ నా పేరు చెప్పారు. అమ్మ వద్దంది. నీ పేరు చెప్పింది. పార్కింగ్ లాట్ సంగతి నేను చెప్పలేదు జయా. అమ్మకి ముందునుంచీ తెలుసో తెలియదో నేను అడగలేదు.

మిగిలింది ఆ కార్డు. చింపేద్దామన్నాను. చింపొద్దంది. వెనక ఖాళీగా ఉంది కదా అని పెన్ను అడిగి, కళ్ళజోడు సర్దుకుని, రాసి, మాకందరికీ బయటికి చదివింది. "చిన్నోడా, నాకు భయంగా ఉంది. నీకూ ఉంటుంది. వచ్చి కూర్చో."

దాన్ని చిన్న కవర్లో పెట్టి తనే అతికించింది. నీకు పంపాలని నిర్ణయమైంది. ఈ ఉత్తరంతో పాటు ఉంది చూడు. నేను ముట్టుకోలేదు.

అక్క